పత్తర్‌గట్టి నుండి నేటాల్ వరకు: సామ్రాజ్యము కదిపిన మన జనులు

శతవార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసము కావలెనని సంపాదక వర్గమువారు అడిగినప్పుడు, తొలి మిషనెరీలను గూర్చి వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. ఆ చరిత్ర మనకు కొంత తెలుసు. మన పాత దేవాలయములలో అనేకముల గోడలమీద పాలరాతి పలకలు ఉన్నవి. వాటిమీద ఒక దొరగారి పేరు, ఆయన ఈ దేశమున ఓడ దిగిన సంవత్సరము చెక్కబడి ఉన్నవి. అదే కాలములో, అదే జెండా ఎగిరే ఓడలలో, ఎదురు దిక్కుగా వెళ్లిన తెలుగువారు లక్షలాదిగా ఉన్నారు. ఓడ ఎక్కిన వీరి పేర్లు ఏ పలకమీదను లేవు. వీరిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు ప్రియ సంఘస్థుల అనుమతి కోరుచున్నాము.

మొదట పత్తర్‌గట్టికి రండి. మా సంఘస్థులలో కొందరు అక్కడి బట్టల దుకాణములలోను, దర్జీ పనిలోను ఉన్నందున, సందర్శన కొరకు ఆ బజారునకు తరచుగా వెళ్లుచున్నాము. మదీనా కూడలి నుండి చార్‌కమాన్ వైపు నడిచేవారికి రెండు ప్రక్కల రాతి కమానుల వరుస కనిపించును. పత్తర్ అనగా రాయి అని వేరుగా చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచిన తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పాత ఇరుకు వీధులను విప్పి కట్టించిన బజారు ఇది. ఈ కమానుల క్రింద ముత్యములు అమ్ముదురు. మూసీలో ముత్యములు దొరకవు. పాత తరమువారు బస్రా ముత్యములని చెప్పుకొన్నవి పర్షియా సింధుశాఖ నుండి వచ్చినవి. నేడు గాజు పెట్టెలలో మెరిసే వాటిలో అధిక భాగము చీనా దేశపు మంచినీటి ముత్యములే అనుకోండి, అది వేరే సంగతి. అత్తరు అమ్మే ముసలివాని తాత యెమెను దేశమునుండి వచ్చెను. వీధి చివర బరువు మోసే కూలీ పాలమూరు జిల్లావాడు. దర్జీ పనిచేసే మా సంఘస్థుని తమ్ముడు సౌదీలో ఉన్నాడు. ఒక్క ఫర్లాంగు దూరములో ఎంతమంది ఎక్కడెక్కడి వారు!

జనులు ఒక చోటినుండి మరియొక చోటికి వెళ్లుట కొత్త సంగతి కాదు. కుతుబ్‌షాహీల కాలమునుండి ఈ నగరమునకు పారసీకులు, అరబ్బులు, ఆఫ్రికావారు వచ్చుచునే ఉన్నారు. కరవు వచ్చినప్పుడు యాకోబు కుమారులు ఐగుప్తునకు ధాన్యము కొరకు వెళ్లారు, ఎలీమెలెకు నయోమిని తీసుకొని మోయాబునకు వెళ్లెను. అయితే 19వ శతాబ్దమున బ్రిటిషు సామ్రాజ్యము చేసినది వేరు. అది జనులను కత్తితో తరుమలేదు. ఊరిలో బ్రతుకు లేకుండా ఒక చేతితో చేసి, రెండవ చేతితో ఒక కాగితము చాచి, దానిమీద వ్రేలిముద్ర వేసినవానిని ఇష్టపూర్వకముగా వచ్చినవాడని పుస్తకములో వ్రాసుకొనెను. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇదే.

ముందు మన నగరపు సంగతి. 1798లో రెండవ నిజాము అలీఖాను ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసుకొని, వారి సైన్యమును తన ఖర్చుమీద పోషించుటకు ఒప్పుకొనెను. 1806లో హుస్సేన్‌సాగరు అవతల ఆ సైన్యపు విడిదియే సికింద్రాబాదు అను ఊరు అయినది. నాటినుండి నిజాము రాజ్యమునకు అప్పు తప్పలేదు. హైదరాబాదు కంటింజెంటు అను మరియొక సేన ఖర్చు కూడ తోడై, ఆ బాకీ క్రింద 1853లో బేరారు జిల్లాలు కంపెనీ చేతికి వెళ్లిపోయినవి. జీతములు ఇయ్యలేని ఈ దర్బారునకు, జాగీరుదారులకు అప్పు పెట్టినవారిలో ముఖ్యులు ఎవరనుకొన్నారు? హద్రమౌత్ అను అరబ్బు దేశపు ఎడారి లోయలనుండి సిపాయిలుగా వచ్చిన జమాదారులు. సిపాయిలు షావుకార్లు అయ్యారు, అప్పు తీరనిచోట తాలూకాల వసూళ్లు పట్టుకొన్నారు. మొదటి సాలార్‌జంగు దివానుగా వచ్చిన తరువాత గాని వారి పట్టు సడలలేదు. వారిలో ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ అను జమాదారు ఇక్కడ సంపాదించిన ధనముతో ఆయన కుమారులు హద్రమౌత్‌లో షిబామును, 1881లో ముకల్లా రేవును పట్టుకొని ఒక సుల్తాను రాజ్యమే స్థాపించారు. ఆ రాజ్యము 1967 వరకు నిలిచినది. అక్కడ కోట కట్టిన ధనము మన తెలంగాణ రైతు చెల్లించిన శిస్తు అని తలచుకొంటే ఆశ్చర్యము కలుగును.

ఆంగ్లేయులు 1839లోనే ఏడెను రేవును ఆక్రమించి ఉన్నారు. ఈ అరబ్బుల రాకపోకలు వారికి రుచించలేదు. ఇక్కడి రెసిడెంటు ద్వారా నిజామును ఒత్తిడి చేసి కొత్తవారి రాకను అదుపు చేయించారు. ఒక రేవు మూయుట, ఒక రేవు తెరచుట రెండును వారి చేతిలోనే ఉండెను. ఈ సిపాయిల బిడ్డలు నివసించే బార్కాస్ పేటకు ఆ పేరు ఇంగ్లీషువారి బ్యారక్సు అను మాటనుండి వచ్చినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తరువాత అరబ్బులలో అనేకులను నిర్బంధించి, కొందరిని ఓడలమీద ఏడెనుకు పంపివేశారు. ఈ గడ్డమీద పుట్టి, ఉర్దూ తెలుగు తప్ప వేరొకటి సరిగా రానివారును వారిలో ఉన్నారు. వచ్చుటకు నూరేండ్లు పట్టినది, పంపుటకు కొద్ది నెలలు చాలినవి.

ఇతరుల సంగతి చెప్పి మన సంగతి దాచుట న్యాయము కాదు. సికింద్రాబాదు కంటోన్మెంటునకు మద్రాసు సేనలతో కూడ వంటవారు, బట్లర్లు, గుమాస్తాలు, దర్జీలు, గుఱ్ఱపువాండ్రు వచ్చారు. వారిలో తమిళ క్రైస్తవులు, తెలుగు క్రైస్తవులు ఉండిరి. జంటనగరములలో మన ఆరాధనలకు మొదటి వినువారు వీరే. వెస్లియన్ మిషనువారి విలియం బర్జెస్ దొరగారు 1880 ప్రాంతమున ఇక్కడ పని ఆరంభించినప్పుడు, చేతికి అందివచ్చినవారు దండుతో వచ్చిన ఈ విశ్వాసులే. అటు తరువాతనే సువార్త మెదకు పల్లెలకు పాకినది. కనుక కంటోన్మెంటును నిందించుచు కూర్చొనుటకు మనకు అధికారము తక్కువ. సామ్రాజ్యము కదిపిన జనములో మన ఆత్మీయ పితరులును ఉన్నారు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అకుల ప్రిస్కిల్లలు కొరింథులో ఎందుకు ఉన్నారు? క్లౌదియ చక్రవర్తి యూదులు రోమా విడిచిపోవలెనని ఆజ్ఞ ఇచ్చినందుననే గదా. పౌలు వారింట దిగి గుడారములు కుట్టెను. సంఘము అక్కడ లేచినది. అంతమాత్రాన క్లౌదియ ఆజ్ఞ మంచిదని ఎవరును ప్రసంగించరు.

ఇక సముద్రము సంగతికి వద్దుము. 1833లో ఇంగ్లీషు పార్లమెంటు బానిసత్వమును రద్దు చేయు చట్టము చేసినది. దానికొరకు ప్రార్థించి పోరాడిన విల్బర్‌ఫోర్సు వంటి భక్తులను మనము సండేస్కూలులో పొగడుచుందుము, పొగడవలసినదే. అయితే మారిషస్ చెరకు తోటల యజమానులు ఏమి చేశారో సండేస్కూలులో చెప్పలేదు. 1834 నుండియే వారు భారతదేశపు కూలీలను అయిదేండ్ల ఒప్పందముమీద తెప్పించుకొనసాగిరి. 1839లో, దుర్మార్గములు ఎక్కువైనవని ప్రభుత్వము ఈ వలసను ఆపివేసెను, 1842లో మరల తెరచెను. 1910 వరకు ఒక్క మారిషస్‌కే దాదాపు నాలుగున్నర లక్షలమంది చేరారు. పోర్టులూయీ రేవులో వారు దిగిన మెట్లు, ఆప్రవాసీ ఘాట్ అను స్థలము, 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. గోదావరి తీరమున ఉన్న కోరంగి రేవు పేరు మీద, ఆ ద్వీపములోను బర్మాలోను కూడ తెలుగువానిని కోరంగీ అని పిలిచారు. ఊరు ఇసుక మేట వేసి మరుగుపడినది, పేరు మాత్రము సముద్రము దాటినది. బర్మాలో అది చివరకు తిట్టుగా కూడ మారినది.

అగ్రిమెంటు అను మాట మన కూలీల నోట గిరిమిటి అయినది. ఆ కాగితములో వ్రాసినది ఇంగ్లీషు, వ్రేలిముద్ర వేసినవానికి తెలిసినది తెలుగు. మధ్యన ఉన్నవాడు మేస్త్రీ. నేటాల్‌కు వెళ్లువానికి మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు, తరువాత ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరుగును, బియ్యము వగైరా రేషను ఇత్తురు. అయిదేండ్లు తోట విడిచి వెళ్లరాదు. చీటీ లేకుండ బయట కనిపించితే శిక్ష. పని మానిన దినమునకు జీతము లేకపోవుటే గాక, అది నేరముగా లెక్కించి జైలుకు పంపుటకు చట్టము ఉండెను. యజమాని తప్పు చేస్తే వ్యాజ్యము, కూలీ తప్పు చేస్తే జైలు.

అతడు ఎందుకు వ్రేలిముద్ర వేసెను? ఇక్కడ మనము 1876 నుండి 1878 వరకు జరిగిన మహా కరవును తలచుకొనవలెను. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనినది అదే. వానలు తప్పినవి నిజమే. అయితే రైళ్లు ఉన్నవి, రేవులు ఉన్నవి, ధాన్యము ఆ రైళ్లలోనే రేవులకు వెళ్లుచుండెను. కరవు ఖర్చు తగ్గించుటకు పంపబడిన సర్ రిచర్డు టెంపుల్ దొరగారు రోజంతా మట్టి తవ్విన మగవానికి ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. ఈ టెంపుల్ దొర 1867లో మన హైదరాబాదుకు రెసిడెంటుగా కోఠీ భవనములో ఉన్నవాడే. ఒక పౌను అనగా అరకిలోకు తక్కువ. మన ఇండ్లలో పనిచేసే మనిషి పూట భోజనము ఎంతో గృహిణులకు తెలుసు, మేము లెక్క చెప్పనక్కరలేదు.

ఆ కరవులోనే ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకమును తామే కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి పని చూపించిన సంగతి బాప్తిస్టు సహోదరులు గర్వముతో చెప్పుకొందురు. వారిలో అధికులు మాదిగ పల్లెలవారు. కరవు సహాయము జరుగుచుండగా కూటికొరకు చేరినారను మాట రాకుండ ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్య మనకు కంఠస్థము. అయితే అదే సంవత్సరములలో, ఆ తరువాతను, అవే పల్లెలనుండి, కాలువ పని దొరకనివారు, దొరికినను అప్పు తీరనివారు మద్రాసు డిపోకు నడిచి వెళ్లి ఓడ ఎక్కినారు. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకడు గుండ్లకమ్మ ఏటిలో మునిగినవాడు, ఒకడు హిందూ మహాసముద్రము దాటినవాడు అయి ఉండవచ్చును. మొదటివానిని మనము లెక్కపెట్టుకొంటిమి. రెండవవానిని ప్రభుత్వము లెక్కపెట్టెను.

ప్రభుత్వపు లెక్క ఎట్టిదో మేము కన్నులార చూచాము. కొన్ని సంవత్సరముల క్రిందట డర్బను నగరమునుండి ఒక క్రైస్తవ సహోదరి, డెబ్బది ఏండ్లు దాటినామె, తన ముత్తాత ఊరు వెదకుచు వచ్చి, ఎవరో చెప్పగా మా గురుగృహమునకు వచ్చెను. ఆమె చేతిలో ఓడ జాబితా నకలు ఒకటి ఉండెను. నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది మచ్చలు. జిల్లా నెల్లూరు. గ్రామము పేరును డిపోలోని గుమాస్తా చెవికి ఎట్లు వినబడెనో అట్లు ఇంగ్లీషులో వ్రాసెను. అది కొత్తపల్లి కావచ్చును, కోటపల్లి కావచ్చును, గుత్తపల్లి కూడ కావచ్చును. మేము, మా సంఘ పెద్దలు ఇద్దరు, నెల్లూరులోని మిత్రులకు ఫోను చేసి రెండు దినములు ప్రయత్నించాము, తేలలేదు. ఎడమ చెంపమీద పుట్టుమచ్చ అని మాత్రము స్పష్టముగా ఉన్నది. ఆమెకు తెలుగు రాదు. అయితే రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మగారు ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఎత్తుకొనగానే, ఆమె చరణము తప్పకుండ కూడ పాడెను. మాటల అర్థము అడిగితే తెలియదన్నది. వాళ్ల నాయనమ్మ నేర్పినదట.

ఆ పాట అక్కడికి ఎట్లు చేరినదో ఇప్పుడు చెప్పుదుము. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను రేవు చేరెను. 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన కూలీలు లక్షా యాభై రెండు వేలకు పైబడినవారు, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవునుండి వెళ్లినవారే. ట్రూరో జాబితాలోనే కులము అను గడిలో క్రిస్టియన్ అని వ్రాయబడినవారు అనేకులు ఉన్నారు. అనగా సంఘము అక్కడికి మిషనెరీకంటె ముందుగా, కూలీ రూపమున వెళ్లినది. నెల్లూరు ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు కూలీలు తోటలలో తమలో తాము ప్రార్థన చేసుకొనుచు, తమ భాషలో వాక్యము చెప్పువానిని పంపుమని స్వదేశమునకు కబురు చేశారు.

ఆ కబురునకు ఇంగ్లండు గాని అమెరికా గాని జవాబు చెప్పలేదు. జవాబు చెప్పినది తెలుగు బాప్తిస్టు హోం మిషన్ సొసైటీ. మన పేద సంఘములు కానుకలు పోగుచేసుకొని నడిపిన సొసైటీ అది. వారు పంపిన సేవకుడు జాన్ రంగయ్యగారు. 1903లో ఆయన కుటుంబముతో కూడ డర్బను చేరి, ఆ సంవత్సరము డిసెంబరులోనే కియర్స్‌నీ అను చోట, హ్యూలెట్ దొరగారి తేయాకు తోటలో, మొదటి తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించారు. ఈ హ్యూలెట్ దొర మెథడిస్టు విశ్వాసి. తోట ఆయనది, కూలీలు ఆయన గిరిమిటివారు, ప్రార్థన వారిది. రంగయ్యగారు తోటనుండి తోటకు, బొగ్గు గనులకు, రైల్వే బ్యారకులకు తిరిగి సంఘములు కట్టి, 1915లో అక్కడనే ప్రభువునందు నిద్రించారు.

1903 అను సంవత్సరమును మా పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టినదియు ఆ సంవత్సరమే. దానిని స్థాపించినవారిలో ఒకరైన వి. యస్. అజరయ్యగారు తరువాత తమ భాష విడిచి తెలుగు నేర్చుకొని మన నైజాం అడవి ప్రాంతమునకు వచ్చి, 1912 డిసెంబరులో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఒక తెలుగువాడు ఆఫ్రికాకు, ఒక తమిళుడు తెలుగుదేశమునకు. మేము థియోలాజికల్ కళాశాలలో చదువుకొన్న దినములలో అజరయ్యగారిని గూర్చి పరీక్షలో ప్రశ్న వచ్చేది. రంగయ్యగారి పేరు మాకు ఆ మూడేండ్లలో ఒక్కసారి కూడ వినబడినట్లు జ్ఞాపకము లేదు. తప్పు మా శ్రద్ధదే కావచ్చును.

నేటాల్‌లో అయిదేండ్లు ముగిసినవానిని ఆ ప్రభుత్వము ఉండనిచ్చెనా? కూలీగా కావలెను, పొరుగువాడుగా వద్దు. 1895లో చట్టము చేసి, మరల గిరిమిటి వ్రాయక, స్వదేశమునకు పోక, స్వేచ్ఛగా ఉండదలచినవానిమీద సంవత్సరమునకు మూడు పౌనుల పన్ను వేశారు. నెలకు పది పన్నెండు షిల్లింగులు తెచ్చుకొన్నవానికి అది దాదాపు అయిదారు నెలల జీతము. స్త్రీలమీదను, పదమూడేండ్లు దాటిన ఆడపిల్లలమీదను కూడ అదే పన్ను. 1913లో గాంధీగారి నాయకత్వమున గనుల కూలీలు, తరువాత తీరపు చెరకు తోటల కూలీలు పనులు మాని లేచినది ఈ పన్ను కొరకే. ఆ సమ్మెలో తెలుగు తమిళ స్త్రీపురుషులు జైళ్లకు వెళ్లారు, కొందరు తుపాకి దెబ్బలకు చనిపోయారు. 1914లో పన్ను రద్దయినది.

ఆ దినములలో మిషనులు ఏమి పలికినవి? మేము చదివినంత మట్టుకు, అధిక భాగము మౌనమే. తోట యజమాని గుడికి చందా ఇచ్చువాడు. అయితే మౌనము వహించనివాడు ఒకడు ఉండెను. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్సు కళాశాలకు వచ్చిన సి. యఫ్. ఆండ్రూస్ అను ఆంగ్లికను గురువు 1914 ఆరంభమున దక్షిణాఫ్రికాకును, 1915లో పియర్సనుతో కలిసి ఫిజీకిని వెళ్లి, కూలీ లైనులలోని బ్రతుకును స్వయముగా చూచి 1916లో నివేదిక ప్రచురించారు. ఫిజీకి 1903 నుండి మద్రాసు ఓడలు కూడ వెళ్లుచుండెను, వాటిలోను మన తెలుగువారు ఉండిరి. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉంటే చాలునను నియమము మూలముగా ఆ లైనులలో సంసారములు ఎట్లు చెడినవో, ఎన్ని ఆత్మహత్యలు జరిగినవో ఆయన దాచకుండ వ్రాశారు. 1917లో ఈ వలస ఆగినది, 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిరిమిటీలు రద్దయినవి.

బర్మాకు గిరిమిటి అక్కరలేకపోయెను. 1937 వరకు అది ఇండియాలో ఒక రాష్ట్రమే. కాకినాడలో, విశాఖలో స్టీమరు ఎక్కితే కొద్ది దినములలో రంగూను. అయితే టిక్కెట్టు డబ్బు మేస్త్రీ పెట్టిన అప్పు, అప్పు తీరువరకు కూలీ అతనివాడు. పడవలు నడిపినవారు, బియ్యపు మిల్లులలో మోసినవారు, రిక్షా లాగినవారు, రంగూను వీధులు ఊడ్చినవారు అధికముగా తెలుగువారే. 1930 మేలో తెలుగు రేవు కూలీలు జీతము పెంచుమని సమ్మె చేయగా యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొన్నారు. సమ్మె తీరగానే వారిని తీసివేశారు. మే 26న ఘోరమైన అల్లర్లు పుట్టి మనవారు అనేకులు చంపబడ్డారు. ఇద్దరు పేదలను ఒకే పనిమీద పెట్టి కొట్లాడించినవాని పేరు ఆ లెక్కలలో లేదు. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు పడిన తరువాత లక్షలాదిమంది అడవి మార్గమున కాలినడకను ఇండియాకు బయలుదేరగా వేలమంది దారిలోనే రాలిపోయారు. 1960ల సైనిక ప్రభుత్వము మిగిలినవారిని పంపివేసెను. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరుతోనే ఉన్నది.

మన నైజాం ప్రాంతమువారు సముద్రము దాటుట తక్కువ. వారిది రైలు దారి. 1874లో సికింద్రాబాదు వాడి రైలు మార్గము వేయుటతో బొంబాయి దగ్గరైనది. అంతకు ముందునుండియే తెలంగాణ కట్టుబడి పనివారు బొంబాయి కట్టుటకు వెళ్లి ఉన్నారు. కామాటిపుర అను పేట పేరు ఆ కామాటీలదే. మిల్లు బట్ట వచ్చి మగ్గము మూలపడిన తరువాత పద్మశాలీలు షోలాపూరుకు, భీవండికి సాగిపోయారు. దొర గడీలో వెట్టి చేయుటకంటె బొంబాయి తట్ట మేలని పాలమూరువాడు అనుకొనెను. ఇంగ్లీషువాడు నిజామును కాపాడెను, నిజాము దొరను కాపాడెను, దొర క్రింద ఉన్నవానికి రైలు టిక్కెట్టు మిగిలెను. నాగార్జునసాగరు వంటి ఆనకట్టలు కట్టినప్పుడును పాలమూరు లేబరు అనియే పిలిచారు. నేడు పత్తర్‌గట్టిలో బరువు మోసేవాడు ఆ తట్ట మోసినవాని మనుమడే అయి ఉండును.

ఇప్పుడు మరల ముత్యముల దుకాణము దగ్గరకు వద్దుము. బహ్రేను తీరమున ఆ ముత్యములకొరకు మునిగినవారు పడవ యజమానికి తరతరములుగా అప్పుపడినవారే. 1920ల తరువాత జపాను పెంపుడు ముత్యములు వచ్చి వారి పని కూలినది. 1932లో అదే బహ్రేనులో నూనె పడినది. ఆ తీరమంతయు అప్పుడు బ్రిటిషు రక్షణలో ఉన్న దేశములు, కొన్ని 1971 వరకు ఉన్నవి. బయటి కూలీ ఒక యజమాని పూచీమీదనే ఉండవలెనను పద్ధతి ఆ అధికారుల కాలమున రూపుదిద్దుకొన్నదని చరిత్రకారులు చెప్పుచున్నారు. 1970ల నుండి కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండి, ఈ పాత నగరపు గల్లీలనుండి మనుష్యులు ఆ తీరమునకు వెళ్లుచున్నారు. ముత్యము వచ్చిన దారినే మనిషి వెళ్లెను.

కూలీల ఓడలను పర్యవేక్షించుటకు 19వ శతాబ్దపు చట్టములు ఏర్పరచిన అధికారికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అని పేరు. 1922లో వలసల చట్టము మారినది, 1983లో మరియొక చట్టము వచ్చినది, అధికారి పేరు మాత్రము మారలేదు. హైదరాబాదులోను ఆ కార్యాలయము ఉన్నది. పదవ తరగతి పాసుకాని మన యువకుడు గల్ఫునకు పోవలెనంటే ఆ అధికారి అనుమతి కావలెను. గిరిమిటికిని ఈ వీసాకును భేదము లేదని మేము అనము. నేటివాడు ఫోనులో బిడ్డ ముఖము చూచుకొనును, డబ్బు పంపును, తిరిగి వచ్చి ఇల్లు కట్టుకొన్నవారు మన సంఘములలోనే ఉన్నారు. వారి దశమభాగములతో కట్టిన ప్రార్థన మందిరములును ఉన్నవి. అయితే ఏజెంటుకు ఇచ్చిన అప్పు, చదువరాని కాగితము, యజమాని చేతిలో పాసుపోర్టు, ఈ మూడు మాటలు వినగానే కియర్స్‌నీ తోట జ్ఞాపకము వచ్చును.

మా సంఘపు పాత రిజిస్టర్లు ఈ వ్యాసము కొరకు తిరగవేశాము. బాప్తిస్మములు, వివాహములు, సమాధులు, అన్నియు క్రమముగా ఉన్నవి. వెళ్లిపోయినవారికి మాత్రము పేరు ఎదుట ఊరు విడిచెను అని రెండు మాటలు. ఏ ఊరికి, ఎందుకు, తిరిగి వచ్చెనా లేదా అను సంగతి లేదు. ఓడ గుమాస్తా చెంపమీది పుట్టుమచ్చయైనను వ్రాసుకొనెను, మేము అంతమాత్రము కూడ వ్రాయలేదు.

అందుచేత పాస్టరేటు కమిటీ సమ్మతితో ఈ సంవత్సరము ఒక కొత్త పుస్తకము తెరచాము. పేరు, స్వగ్రామము, వెళ్లిన దేశము, సంవత్సరము, పనియొక్క వివరము, ఇంటివద్ద ఉన్నవారు, అని గడులు గీశాము. ఇతర పాస్టరేట్లవారును ఇట్టిది తెరచి, పాత తరములలో రంగూను, బొంబాయి, నేటాల్, మలయా వెళ్లినవారిని గూర్చి పెద్దలకు తెలిసినంత వ్రాయించి డయాసిస్ కార్యాలయమునకు పంపవలెనని మనవి. ముసలివారు ఉన్నప్పుడే అడుగవలెను.

మొదటి ఆదివారము ఆరాధన అయిన తరువాత పత్తర్‌గట్టిలో బట్టల దుకాణము ఊడ్చే ఒక తల్లి ముందుగా వచ్చి తన కుమారుని పేరు వ్రాయించెను. స్వగ్రామము చెప్పెను, సంవత్సరము చెప్పెను. ఏ దేశమమ్మా అని అడిగితే, “దేశము పేరు నాకు తెల్వదు అయ్యగారూ, కంపెనీ పేరైతే తెలుసు” అన్నది. దేశము గడిలో కంపెనీ పేరు వ్రాసుకొన్నాము.